మూడంగుళాల స్వరాలు

మా అత్త వారమంతా శుక్రవారం కోసం బతికేది. మార్కాపురంలో మా వీధి చివర రాములవారి గుడి ఉంది. శుక్రవారం సాయంత్రం ఆ మంటపంలో పదమూడు పద్నాలుగు మంది ఆడవాళ్ళు చేరి భజన చేస్తారు. అత్త హార్మోనియం వాయిస్తూ పాట ఎత్తుకుంటుంది, మిగిలినవాళ్ళు అందుకుంటారు. మామ పోయిన తర్వాత ఆమె గడప దాటి వెళ్ళేది ఆ ఒక్క సాయంత్రమే. మిగిలిన ఆరు రోజులూ చీర ఉతకడం, గంజి పెట్టడం, ఏ పాటలు వాయించాలో చూసుకోవడం, చూసుకున్నవి మార్చుకోవడం.

ఆ భజనకు ఒక నియమం ఉంది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ తీసేయలేదు. స్వరాల పుస్తకం ఎవరి ముందు తెరిచి ఉంటే వాళ్ళే పాట మొదలుపెట్టాలి. పక్కనున్న మనిషికి ఆ పాట నిద్రలో కూడా వస్తుందనుకోండి, గొంతు గంటలాగా మోగుతుందనుకోండి, నోరు మూసుకుని కూర్చోవాల్సిందే. పుస్తకం లేకుండా పాడేదాన్ని అక్కడ నోటిపాట అంటారు. నోటిపాట వంటింట్లో పాడుకోవచ్చు, గుడిలో పనికిరాదు.

ఇరవై ఏళ్ళుగా పుస్తకం మా అత్త ముందే ఉంది. ఆమెది గిద్దలూరు. ఆమె పుట్టినప్పుడు అది కర్నూలు జిల్లా. లంగా ఓణీ వేసుకునే వయసుకు, ఊరు కదలకుండానే, కొత్తగా ఏర్పడిన ప్రకాశం జిల్లా పిల్ల అయింది. రెండు జిల్లాల్లోనూ ఒకే అయ్యవారి దగ్గర హార్మోనియం నేర్చుకుంది. ఆయన చెప్పిన పాటలన్నీ స రి గ మలుగా పొడుగాటి నోటుపుస్తకంలో రాసుకుంది. పై స్థాయి స్వరమైతే అక్షరం నెత్తిన చుక్క, కింది స్థాయి అయితే అక్షరం కాళ్ళ దగ్గర చుక్క, తాళం తిరిగిన చోట నిలువుగీత. అంతే దాని శాస్త్రం.

ఆమె కుడిపక్కన గాజుల దుకాణం చిన్నత్త కూర్చునేది. మాకు చుట్టం కాదు, అయినా అత్తను అక్కా అని పిలుస్తుంది కాబట్టి నాకు చిన్నత్త. ఆ మంటపంలో అందరికన్నా మంచి గొంతు ఆమెది, పాటలన్నీ వచ్చు, హార్మోనియం కూడా వచ్చు. పుస్తకం ఒక్కటే లేదు. ఎప్పుడో ఒకప్పుడు అది తన ముందుకు రాకపోతుందా అని ఆమె కాచుకుని ఉందని ఊరంతా అనుకునేవాళ్ళు, మా అత్త మరీ అనుకునేది.

ఇక నా సంగతి. మాది కురిచేడు. కంప్యూటర్ ఇంజనీరింగ్ చదివాను, ఇక్కడ ఒక కాలేజీలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. నా భర్తకు బట్టల దుకాణం. నాకు సంగీతం రాదు. పని ఒకటి పట్టుకుంటే అది అయ్యేదాకా ఇంట్లో ఎవరినీ స్థిమితంగా ఉండనివ్వనని పేరు మాత్రం ఉంది. మా అమ్మ నన్ను అత్తారింటికి పంపుతూ ఇచ్చిన పేరు అది.

ఒక ఏడాది వానల్లో గోడ అల్మారాకు చెమ్మ దిగి, పుస్తకానికి చెదలు పట్టాయి. సగం పేజీలు జల్లెడ. అత్త ఒకపూట అన్నం మానేసింది. "నేనున్నాను కదా, కంప్యూటర్లో ఎక్కించి అచ్చు తీసి ఇస్తాను" అన్నాను. ఎవరూ అడగలేదు. తగుదునమ్మా అని నేనే అన్నాను.

మొదట, చెదలు తిన్న చోట అత్తను అడిగి చెప్పించుకుంటూ, మామూలుగా ఉత్తరాలు టైపు చేసేదాంట్లోనే స్వరాలు కొట్టాను. ఇంట్లో బాగానే ఉన్నాయి. కాలేజీలో ప్రింటు తీసేసరికి చుక్కలన్నీ ఒక అక్షరం పక్కకు జరిగాయి. పై స్థాయిలో ఉండాల్సిన స కింద పడింది, కింద ఉండాల్సిన ని నెత్తినెక్కింది. దానికి విరుగుడు వెతుకుతుంటే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ దొరికింది. సంగీతం అచ్చు వేయడానికే పుట్టింది అది. అందులో మౌస్‌తో గీసేదేమీ ఉండదు. తెల్ల స్క్రీన్ మీద స్వరాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో వరసగా టైపు చేయాలి. చేసి ఆజ్ఞ ఇస్తే, అది కాసేపు ఆలోచించుకుని, చక్కటి పేజీ ఒకటి గీసి ఇస్తుంది. చుక్క అక్షరానికి అంటుకునే ఉంటుంది, ఏ ప్రింటరుకు తీసుకుపోయినా జరగదు. ఏదైనా నచ్చకపోతే ఇది ఇలా కాదు, అలా ఉండాలి అని పాట పైన ఒక వరుస రాయాలి. ఎక్కడైనా ఒక బ్రాకెట్ మూయడం మర్చిపోతే మాత్రం అలుగుతుంది. ఏమీ గీయదు, నలభై తప్పులు చెబుతుంది. ఆ నలభై తప్పులూ ఆ ఒక్క బ్రాకెట్టే.

అది తయారైంది పాశ్చాత్య సంగీతం కోసం. అందుకని మొదటి పాటను ఐదు అడ్డగీతల మీద నల్ల గుండ్రాలుగా గీసింది. నాకు భలే ముచ్చటేసింది. అత్తకు చూపించాను.

"ఏంది ఇది?" అంది. "తీగల మీద ఏం ఆరేసినావు?"

సరే, ఐదు గీతలూ వద్దు అని ఒక వరుస రాశాను. గుండ్రాల బదులు తెలుగు అక్షరం పెట్టు అని ఇంకొక వరుస. పైచుక్క ఇక్కడ, కిందిచుక్క అక్కడ అని రెండు వరుసలు. ఆ రెండింటికి నాకు ఒక ఆదివారం పట్టింది. నిలువుగీతలు సన్నగా ఉండాలని ఒకటి. చివరికి స రి గ మలు మన పద్ధతిలో శుభ్రంగా వచ్చాయి. పుస్తకంలో ఉన్నట్టే వచ్చాయి, ఇంకా తిన్నగా వచ్చాయి. అత్త కాగితాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"చీమల బారు" అంది.

అక్షరం పెద్దది చేశాను. "ఈ రాతకు ముఖం లేదు" అంది. ఇంకో రకం తెలుగు అక్షరాలు దించాను. వాటికీ ముఖం లేదంది. అట్ల పదకొండు రకాలు మార్చాను, దేనికీ ముఖం రాలేదు. సిరా లేతగా ఉందంటే కొత్త కార్ట్రిడ్జ్ వేయించాను. కాగితం మెరుస్తాందంటే మెరవని కాగితం తెచ్చాను. ఆరు వరుసల పాట మీద నా అలంకారాలు యాభై వరుసలకు చేరాయి. పెళ్ళికూతురు కన్నా నగలెక్కువ.

నేను మూతి ముడుచుకుని పని చేస్తున్నానని నా భర్త గమనించాడు. "అమ్మకు సరుకు ఓ పట్టాన నచ్చదులే" అన్నాడు. ఆయనకు తెలిసిన ఓదార్పు అంతే.

ఇంతలో శుక్రవారం ఒకటి వచ్చింది. నేను వెనక స్తంభం దగ్గర తాళాలు పట్టుకుని కూర్చున్నాను. అత్త ముందు నా కాగితాలు ఉన్నాయి. రెండో పాటలో, మెల్లగా కిందికి దిగాల్సిన చోట, ఆమె వేళ్ళు ఒక్కసారిగా పై స్థాయికి ఎగిరాయి. వెనకే పద్నాలుగు గొంతులు ఎగరబోయి, సగం దారిలో పగిలిపోయాయి. ఎవరో కిసుక్కుమన్నారు. అత్త ఆగలేదు, పాట పూర్తి చేసింది. పూర్తయ్యాక తల తిప్పకుండానే, అందరికీ వినపడేటట్టు, "మా కోడలు చుక్క తప్పు కొట్టింది" అంది.

నా ఒళ్ళు మండిపోయింది. పద్నాలుగు మంది నా వైపు తిరిగారు. ఆ పేజీ నాకు కంఠతా వచ్చు, చుక్క ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. ఆ మాట అనకుండా ఉండటానికి తాళాలు ఎంత గట్టిగా పట్టుకున్నానంటే అరచేతిలో అచ్చు పడింది.

గాజుల దుకాణం చిన్నత్త వంగి, "అక్కా, రెండు వారాలు రెస్టు తీసుకోరాదా? నేను చూస్తాలే" అంది. మంచిగానే అంది. మా అత్తకు అది మంచిగా వినపడలేదు.

తర్వాతి వారం నేను పంతం పట్టాను. చుక్కలను మిరియాల గింజలంత చేశాను, ఎర్రరంగు వేశాను. అక్షరాలను ఇంకా పెంచాను. ఇక కనపడలేదని ఎవరూ అనడానికి వీల్లేదు. అక్షరాలు పెరిగేసరికి కాగితం చాలలేదు. కాగితాన్ని అడ్డంగా తిప్పాను. అదీ చాలక రెండు కాగితాలు పక్కపక్కన అంటించాను. ఒక్కో స్వరం మినపవడంత ఉంది. మా వీధి మొదట్లో నిలబడి వాయించుకోవచ్చు.

అత్త దాన్ని హార్మోనియం మీద పరిచి రెండు వరుసలు వాయించి ఆగింది. మళ్ళీ వాయించి మళ్ళీ ఆగింది.

"స్వరానికీ స్వరానికీ మధ్య బస్సు పోతాది" అంది. "పక్క స్వరం కోసం మెడ తిప్పల్సొస్తాంది. తాళం గీత యాడ బెట్టినావు?"

"అక్కడే ఉంది అత్తా, కుడి చివర."

"యాడ?"

"అక్కడే!"

ఆమె మెడను కుడికి, ఇంకా కుడికి తిప్పింది. "ఆ, ఉండాది. అంత దూరం బెడితే ఎట్ల?" అంది.

నేను లేచి వంటింట్లోకి పోయాను. పోయి గిన్నెలు తోమాను. తోమినవే మళ్ళీ తోమాను. ఇంతకు ముందు చిన్నగా ఉన్నాయన్న మనిషి ఇప్పుడు దూరంగా ఉన్నాయంటోంది, నన్ను ఏడిపించడానికే అంటోంది అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఆ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మరుసటి రోజు కాలేజీకి సెలవు. మధ్యాహ్నం నా భర్తకు క్యారియర్ తీసుకుని దుకాణానికి వెళ్ళాను. తర్లుపాడు నుంచి వచ్చిన ఒకావిడ రెడీమేడ్ చుడీదార్లు చూస్తోంది. ఒకటి తీసుకుని తెర వెనక్కి పోయింది. లోపల చాలాసేపు గుడ్డ పెనుగులాడిన చప్పుడు. బయటికి వచ్చి, దాన్ని బల్ల మీద పడేసి, "గుడ్డ మంచిది గాదు, రంగు పోయేటట్టుండాది" అని చెప్పి వెళ్ళిపోయింది.

నేను దాన్ని పట్టుకుని చూశాను. గుడ్డ బంగారంలాగా ఉంది. "దీనికేమయింది?" అన్నాను.

"ఏమీ గాలే" అన్నాడు నా భర్త, మడతపెడుతూ. "ఒంటికి పట్టలా. పట్టలేదని ఎవరన్నా చెప్పుకుంటారా? గుడ్డ మీద పెడతారు. మా నాయన చెప్పేవాడు, వంకబెట్టేవాళ్ళతో వాదించగూడదు, ఇంకో సైజు తీసి ముందరేయాలని."

నేను క్యారియర్ చేత్తో పట్టుకునే నిలబడ్డాను. చీమల బారు. ముఖం లేని రాత. సిరా లేత. చుక్క తప్పు. మధ్యలో బస్సు. అన్నీ వరసగా వచ్చి నా ముందు నిలబడ్డాయి. మూడు నెలలుగా ఆమె నాకు ఒకే ఒక్క సంగతి చెబుతోంది. బట్టల దుకాణం వాళ్ళ ఇంట్లో పుట్టి పెరగకపోయినా, తన ఇబ్బందిని సరుకు మీద పెట్టే ఆ భాష ఆమెకు నలభై ఏళ్ళుగా అలవాటు. నాకే ఇంకా అలవాటు కాలేదు.

"మీ అమ్మకు కళ్ళు కనపడటం లేదు" అన్నాను.

"చత్వారమేమో. అద్దాలు మార్పిద్దాం" అన్నాడు.

చత్వారం కాదు. ఒంగోలులో కంటి డాక్టరు దగ్గర ఒక పెద్ద గిన్నెలాంటి యంత్రంలో అత్త తల పెట్టించారు. లోపల అక్కడక్కడ చిన్న దీపాలు వెలుగుతాయి, కనపడినప్పుడల్లా చేతిలో బటన్ నొక్కాలి. అత్త చాలా తక్కువ నొక్కింది. బయటికి వచ్చి, "ఆళ్ళ దీపాలు సరిగ్గా ఎలగడంలే, కరెంటు తక్కువనుకుంటా" అంది. డాక్టరు నీటికాసులు, గ్లకోమా అన్నాడు. చుట్టుపక్కల చూపు ముందు పోతుందట. నడిమధ్య కొంచెం మిగులుతుందట, కిటికీలోంచి చూసినట్టు. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలవడానికి చుక్కల మందు వేయాలి అన్నాడు. చాలా ఆలస్యంగా తెచ్చారు అని కూడా అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నేను నేల చూశాను.

బస్సులో ఒంగోలు నుంచి మార్కాపురం దాకా లెక్క వేసుకుంటూ వచ్చాను. చూపు కిటికీ అయితే, అక్షరం పెద్దదయ్యేకొద్దీ కిటికీలో పట్టేది తగ్గుతుంది. నేను పెంచిన ప్రతిసారీ ఆమెకు ఒక స్వరం తగ్గింది. నా యాభై వరుసల అలంకారం అంతా పట్టుదలగా, శ్రద్ధగా, ఆమె చేతిలోంచి పాటను లాక్కోవడానికే చేశాను.

ఇంటికి వచ్చాక దుకాణం నుంచి కొలత టేపు తెప్పించాను. అత్తను హార్మోనియం ముందు కూర్చోబెట్టాను. టేపును కాగితం ఉండే చోట అడ్డంగా పట్టుకుని, ఒక చొక్కా గుండీని ఎడమ నుంచి మెల్లగా జరిపాను, చూపు కదపకుండా, కనపడగానే చెప్పమన్నాను. తర్వాత కుడి నుంచి. రెండు మూడుసార్లు చేశాం. రెండు గుర్తుల మధ్య మూడంగుళాలు ఉంది.

"ఏం గొలుస్తాండావు? జాకెట్టా?" అంది అత్త.

"కాగితం" అన్నాను.

మూడంగుళాల కాగితం మా ఇంట్లో ఉండనే ఉంది. దుకాణంలో బిల్లులు వచ్చే చుట్ట. ఫైలు తెరిచి యాభై వరుసలూ కొట్టేశాను. పేజీ వెడల్పు మూడంగుళాలు అని రాశాను. వరుసకు నాలుగే స్వరాలు, ఆ పైన కిందికి దిగాలి. అక్షరం మధ్యరకం, మందంగా, నల్లగా. ఎర్రరంగు తీసేశాను. చుక్క అక్షరానికి తగులుతూ ఉండాలి. వరుసకూ వరుసకూ మధ్య మాత్రం వెడల్పుగా చోటు వదలాలి, దిగేటప్పుడు కన్ను తప్పిపోకుండా. అడ్డంగా పోయే పాటను నిలువుగా నడిపించాను. ఆ సాఫ్ట్‌వేర్ ఎందుకని అడగలేదు. నా జన్మలో నేను చూసిన మర్యాదస్తుల్లో అదొకటి.

దుకాణం మూసే ముందు బిల్లు మిషన్ మీద పెట్టి నొక్కాం. అది కీచుమంటూ పాట కక్కింది. పల్లవి ఒక మూర, చరణాలు నాలుగు మూరలు. నా భర్త అలవాటు కొద్దీ చింపి, మడిచి, కింద "మళ్ళీ రండి" అని ఉందేమో చూశాడు. లేదు.

అత్త దాన్ని హార్మోనియం పైన పరిచి, అద్దాల డబ్బా బరువు పెట్టింది. ఒక వరుస వాయించింది. కాగితాన్ని వేలితో పైకి తోసింది. ఇంకో వరుస. ఆగలేదు. పాట మొత్తం ఆగకుండా వాయించి, చివరి చరణం దగ్గర కాగితం నేల మీదికి జారి వేలాడుతుంటే, తల పైకెత్తింది.

"ఎట్లుంది అత్తా?"

"కాగితం పలచన" అంది.

నేను నవ్వాను. వాదించలేదు. వంక పెట్టిందంటే ఇంకా ఏదో చిన్న ఇబ్బంది ఉందని అర్థం అని అప్పటికి నేర్చుకున్నాను. అయినా ఆ చుట్టతో శుక్రవారం గడిచింది. "ఏందక్కా, రాములవారికి బిల్లేసినావా?" అని అందరూ నవ్వారు. నవ్వుతూనే పాట అందుకున్నారు. చుట్ట కూడా పుస్తకమేనా అన్న ప్రశ్న ఒకరు ఎత్తారు. స్వరాలుంటే పుస్తకమే అని గాజుల దుకాణం చిన్నత్త తీర్పు చెప్పింది. మా అత్త ఆ రోజు ఆమెకు తమలపాకు చుట్టి ఇచ్చింది. అప్పట్నుంచి ముప్పై పాటలు ముప్పై చుట్టలుగా కొట్టి ఇచ్చాను. గుడిలో దీపం నూనె, మసి, చేతుల చెమట తగులుతాయని, ఒక్కో చుట్టకూ ఒక్కో ప్లాస్టిక్ కవరు కూడా నేనే తెచ్చాను.

పని అయిపోయింది. అయిపోయిన పని వైపు నేను తిరిగి చూడను, అది నా గుణం. అత్త రోజూ కంట్లో చుక్కలు వేయించుకునేది. ఇంట్లో అలవాటైన దారుల్లో అలవాటుగా తిరిగేది. టీవీ వినేది. నేను కాలేజీ పనుల్లో పడ్డాను. శుక్రవారం వెనక స్తంభం దగ్గర తాళాలు వేస్తూ, హార్మోనియం తప్పకుండా నడుస్తుంటే, గర్వంగా ఉండేది. ఆ గర్వం అత్త గురించి కాదు, నా గురించి.

ఎండాకాలం మొదట్లో ఒక శుక్రవారం భజన అయ్యాక కొళాయి దగ్గర గాజుల దుకాణం చిన్నత్త నన్ను ఆపింది. కాళ్ళు కడుక్కుంటున్నట్టు నిలబడి, మెల్లగా అడిగింది.

"అమ్మాయ్, ఆ చీటీల్లో ఏముండాది?"

"స్వరాలు చిన్నత్తా."

"యాడ?"

నాకు అర్థం కాలేదు.

"ఏమీ లే" అంది. "తెల్లగా ఉండాయి. అక్క దాన్నే జూసుకుంటా, వరుస వరుసకూ పైకి దోస్తా వాయిస్తాంది. ఒక్క చుక్క తప్పడంలే. నేను జూసి ఐదు శుక్రవారాలయింది."

"మరి ఎవరికీ చెప్పలేదే?"

"చెప్తే పుస్తకం నాకిస్తారు గదా" అంది చిన్నత్త. కొళాయి కట్టేసి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళి కవర్లన్నీ విప్పాను. కొన్ని చుట్టల్లో బూడిదరంగు మరకలు మిగిలాయి, కొన్నింట్లో అవీ లేవు. నా భర్త ఒకటి వెలుతురుకు పట్టుకుని, "బిల్లులు ఎండకు తెల్లగైపోతాయి గదా, ప్లాస్టిక్‌లో బెడితే మరీ బిరీన పోతాయి. నీకు తెలీదా?" అన్నాడు. బట్టల దుకాణంలో పని చేసే ప్రతివాడికీ తెలుసట. ఆయనకు తెలుసు. అది స్వరాలకు కూడా వర్తిస్తుందని ఆయనకు తట్టలేదు, అడగాలని నాకు తట్టలేదు.

మరునాడు పొద్దున, బాగా వెలుతురు వచ్చాక, అత్త వరండాలో కూర్చుని ఉంటే ఒక చుట్ట తీసుకుని వెళ్ళాను. అందరికన్నా తెల్లగా ఉన్నదే తీసుకున్నాను. చేతిలో పెట్టాను.

"అత్తా, ఈ పాట ఒకసారి చూడు. అక్షరాలు సరిగ్గా ఉన్నాయా? మార్చమంటే మారుస్తాను."

ఆమె చుట్ట విప్పింది. హార్మోనియం మీద కాగితం ఉండేంత దూరంలో, ముఖానికి ఎదురుగా పట్టుకుంది. పై నుంచి కిందికి మెల్లగా చూసుకుంటూ వచ్చింది. వేలు కదులుతోంది, నాలుగు స్వరాలకు ఒకసారి కిందికి. పెదాలు కూడా కదులుతున్నాయి. చూస్తుంటే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. శబ్దం రాకుండా కొంగు నోట్లో కుక్కుకున్నాను. నేను చేసిన పాపం అంతా ఆ తెల్లకాగితం మీదే రాసి ఉన్నట్టు అనిపించింది. రోజూ ఆ కంట్లో చుక్కలు వేసే మనిషిని నేనే. ఆ కంటికి అక్షరం ఆనడం లేదన్న సంగతి నాకు తెలియలేదు.

"బాగుండాయి" అంది అత్త.

మొదటి కాగితం ఇచ్చిన రోజు నుంచి ఆమె నోట ఆ మాట వినడం అదే మొదలు.

"సైజు సరిపోయింది. చుక్కలు గూడా సరిగ్గా కూర్చున్నాయి. మొదట్నుంచి ఇట్ల కొట్టింటే నీకూ నాకూ ఇంత రచ్చ ఉండేది గాదు. ఇంక దీన్ని ముట్టుకోవద్దు, ఏం మార్చొద్దు."

కొత్తది అచ్చు తీయడం రెండు నిమిషాల పని. ఫైలు ఉంది, చుట్ట ఉంది, మిషన్ ఉంది. తీసి ఇస్తే ఆమెకు తేడా తెలియదు. నిజం చెబితే శుక్రవారం పోతుంది.

ఆమె కాగితాన్ని జాగ్రత్తగా, అంచులు కలిసేటట్టు చుట్టి, నా వైపు చాచింది. నేను కొంచెం పక్కగా ఉన్నాను. జరిగి అందుకున్నాను.

"కవర్లో బెట్టు అమ్మాయ్" అంది. "చెరిగిపోతాది."

పెట్టాను.